పాతిక వేలు తక్కువ

కళ్ళజోళ్ళ షాపు యజమాని కనిపించకుండా పోయి అది మూడో రోజు. పోలీసుల లెక్కలో అతను పరారీలో ఉన్న మోసగాడు. అతని భార్య లెక్కలో ఆపదలో ఉన్న మనిషి. ప్రైవేటు డిటెక్టివునైన నాకు ఫీజు ఇస్తున్నది భార్య. అందుకని ఆమె లెక్కతోనే మొదలుపెట్టాను.

షాపు వెనక గది తాళం తీయించాను. కళ్ళు పరీక్షించే కుర్చీ, ఎదురు గోడ మీద అక్షరాల బోర్డు, మూలన అద్దాలు అరగదీసే మిషను. మిషను పక్కన బల్ల మీద ఒక కళ్ళజోడు, కాడ ఊడదీసి ఉంది. ఆవగింజంత స్క్రూ సీసా మూతలో భద్రంగా పెట్టి ఉంది. బిగించబోతూ లేచిన మనిషి మళ్ళీ వచ్చి కూర్చోలేదు.

"ఇదెవరిది?"

"ఆయనదేనండీ" అంది భార్య. "ఆదివారం పొద్దుటి నుంచి కాడ వదులైందని విసుక్కుంటున్నారు. షాపు మూసేముందు బిగించుకుంటానన్నారు."

"ఇంకో జత లేదా?"

"ఇంట్లో ఉంది. అలమరలోనే ఉంది. కళ్ళజోడు లేకుండా ఆయన మా గుమ్మం కూడా దాటలేరు."

ఆ కళ్ళజోడు అద్దాన్ని నా కంటికి ఆనించి బోర్డు వైపు చూశాను. అక్షరాలు కాదు, బోర్డే కనిపించలేదు. సోడాబుడ్డి అద్దం.

"కళ్ళజోళ్ళ షాపువాడికి కళ్ళజోడు కరువైందా, బావా?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు. నా భార్యకు తమ్ముడు. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఇతను మాత్రం బావా అనడం మానలేదు. ఆ పిలుపులో చుట్టరికం పావలా వంతు, మిగతాదంతా వెటకారం.

"ముందు గదినిండా జతలున్నాయి. ఒకటి తగిలించుకుని పోయుంటాడు" అన్నాడు.

"అవి ఉత్త ఫ్రేములు. ఈ పవరు అద్దం అరగదీసి బిగించడానికి పూటంతా పడుతుంది. కావాలంటే మిషను చూడు. చుట్టూ పొడి లేదు."

"నీకు కనపడనిదేదీ ఉండదు. మా అక్క జబ్బు తప్ప."

కళ్ళజోడు తిరిగి బల్ల మీద పెట్టాను. ఆ మాట ఆరేళ్ళుగా వింటున్నదే.

అతనే సర్దుకుని కేసులోకి వచ్చాడు. "విను. వీడికి నాలుగు బ్యాంకుల క్రెడిట్ కార్డులున్నాయి. రెండు నెలల్లో మూడింటికి లిమిట్ పెంచించుకున్నాడు. నిన్న పొద్దున తన ఫోన్ నుంచే నాలుగో బ్యాంకుకి చేసి అక్కడా పెంచమన్నాడు. కనిపించకుండా పోయాక రెండో రోజు! అంటే బతికే ఉన్నాడు, తిరుగుతున్నాడు. నాలుగూ గీకేసి ఎగ్గొడతాడు. వీడి తోడల్లుడు ఆదివారం రాత్రే మాకు ఈ మాట చెప్పాడు."

"పరుపుల షాపాయనా?"

"ఆయనే. పాపం, తలవంపులని ఏడ్చినంత పని చేశాడు."

భార్య కొంగు పిడికిట్లో నలిపింది. "మా బావగారు ఏడుస్తారు, ఎందుకేడవరు! ఈయన లిమిట్లు పెంచించుకుంది పారిపోవడానికి కాదండీ. ఆయన మీద పంతానికి."

"పంతమేమిటి?"

"మా అక్కవాళ్ళింట్లో భోజనానికి కూర్చుంటే కూరల కంటే ముందు బావగారి లిమిట్లు వడ్డిస్తారు. ఏ బ్యాంకులో ఎంతో వరసగా అప్పజెపుతారు. అక్క పక్కన నిలబడి మురిసిపోతుంది. ఈయన ఇంటికొచ్చి నిద్రపోరు. ఏ బ్యాంకు ఎలా లొంగుతుందో కూపీలు లాగడం మొదలుపెట్టారు. ఒక బ్యాంకు అడగందే పెంచదట. ఆరు నెలలు గడువుకంటే ముందే బిల్లు కట్టి, అప్పుడు నోరు తెరిచి అడగాలట. ఇంకో బ్యాంకు అడిగితే బిగుసుకుంటుంది. వేరేవాళ్ళు ఎక్కువిస్తున్నారు, మీ కార్డు మూసేస్తానంటే మాత్రం కాళ్ళబేరానికొస్తుంది. మూడోదానికి పెరిగిన ఆదాయం చూపించాలి. ఒక్కోటీ సాధించుకుంటూ వచ్చారు."

"ఎంతెంతకి?"

"ప్రతిచోటా బావగారికంటే పాతిక వేలు ఎక్కువకి. అది చాలు, ఆయన మొహం మాడితే చాలు అనేవారు."

"మీరు వద్దనలేదా?"

ఆమె మిషను వైపు చూసింది. "ఎందుకనాలి? అక్క మొహం కూడా మాడింది కదండీ."

అబద్ధం చెప్పని మనుషులు నాకు తక్కువగా తగులుతారు. ఆమె మీద కొంచెం గౌరవం కలిగింది.

"మరి నాలుగో బ్యాంకు?"

"అది కొరకరాని కొయ్య. లిమిట్లో మూడో వంతు దాటి వాడినట్టు కనిపిస్తే మొహం చాటేస్తుంది. అక్కడ బావగారిది ఎనిమిది లక్షలు. వాడకం తగ్గించి వచ్చే నెల అడుగుతానన్నారు ఈయన."

"వచ్చే నెల?"

"వచ్చే నెలేనండీ. ఖచ్చితంగా."

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. "తొందరపడ్డాడు. అంతే. పదండి, ఆ ఫోన్ రికార్డింగు వినిపిస్తాను. గొంతు పోల్చి చెబితే కేసు మూసేస్తాను."

కేసు మూస్తే వెతికేవాడుండడు. వెతికేవాడు లేకపోతే ఆ మనిషి ఎక్కడ పడి ఉన్నాడో అక్కడే పోతాడు. నాకున్నది ఆ రికార్డింగు ఒక్కటే.

బ్యాంకులో మోసాల విభాగం మేనేజరమ్మ తలుపు వేసి కంప్యూటరు మీట నొక్కింది.

మగ గొంతు. జలుబు చేసి బొంగురుపోయినట్టుంది, లేదా గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టుంది. కార్డు మీది పదహారంకెలూ గుక్క తిప్పుకోకుండా చదివాడు. పుట్టిన తేదీ చెప్పాడు. తర్వాత బ్యాంకు అమ్మాయి అడిగింది: "మీ ఖాతా మీద ఇంకొకరికి యాడ్ ఆన్ కార్డు ఇప్పించారు కదా సార్, అది ఎవరి పేరున ఉంది?"

నిశ్శబ్దం. ఫోన్ పెట్టేశాడేమో అనిపించేంత నిశ్శబ్దం. తర్వాత పళ్ళ మధ్య నుంచి ఒక ఆడ పేరు వచ్చింది.

నా పక్క కుర్చీ కిర్రుమంది. "అది మా అక్క పేరు" అంది కళ్ళజోళ్ళ షాపాయన భార్య.

రికార్డింగు సాగుతోంది. "ఎంతకి పెంచమంటారు సార్?"

"ఏడు లక్షల డెబ్భై అయిదు వేలు."

"మీరు బిల్లులు చాలా బాగా కడుతున్నారు సార్. తొమ్మిది లక్షల దాకా అర్హత ఉంది. తొమ్మిది పెట్టమంటారా?"

"వద్దు."

"అదనంగా ఖర్చేమీ ఉండదు సార్."

"వద్దని చెప్పానా? నేను చెప్పినంతే పెట్టు."

మేనేజరమ్మ మీట మళ్ళీ నొక్కింది. ఇన్‌స్పెక్టరు ఆమె వైపు వంగాడు. "చెప్పండమ్మా. గొంతు మీ ఆయనదేనా?"

"ఆయనదే."

"జలుబు గొంతు కదా, తొందరపడకండి" అన్నాను.

"తొందరేం లేదు. నూటికి నూరుపాళ్ళు ఆయనే." లేచి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. నిప్పులున్నాయి. "ఏడేళ్ళు కాపురం చేశాను. నాకు కార్డెందుకు, ఇంట్లోనే ఉంటావుగా అనేవారు. అక్కకి మాత్రం ఇప్పించారు! ఎక్కడున్నాడో మీరేం వెతకనక్కర్లేదు. దాన్నడగండి, అదే చెబుతుంది. మీ ఫీజు రేపు పంపిస్తాను."

"అమ్మా, మీరిప్పుడు అన్న మాట వల్ల ఆయన ప్రాణం..."

"పోనీండి" అని వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టరు నవ్వు దాచుకోలేదు. "నీ క్లయింటే నా సాక్షి అయింది. ఇంటికి పోయి పడుకో, బావా."

"కూర్చో. మూడు ప్రశ్నలడుగుతాను. సోడాబుడ్డి అద్దాలు లేని మనిషి పదహారంకెలు గడగడా ఎలా చదివాడు?"

"కంఠతా వచ్చేమో."

"సరే. గీకేసి పారిపోయేవాడు తొమ్మిది ఇస్తానంటే ఎందుకొద్దన్నాడు?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మూడు బ్యాంకుల్లో తోడల్లుడికంటే పాతిక వేలు ఎక్కువ అడిగినవాడు నాలుగోచోట పాతిక వేలు తక్కువ ఎందుకడిగాడు? ఎనిమిదికి పావు తక్కువ దగ్గర నోరు ఎందుకాగిపోయింది? ఇతని లిమిట్ ఎనిమిది దాటితే ఈ లోకంలో ఎవరి కడుపు మండుతుంది?"

అతను టేబుల్ మీది పెన్ను తీసి మళ్ళీ పెట్టాడు. "పరుపుల షాపాయన అంటావు. మమ్మల్ని నమ్మించడానికి తోడల్లుడిలా నటిస్తూ కూడా... తనకంటే ఎక్కువ అడగలేకపోయాడంటావు."

"నోరు రాలేదు."

"ఇది ఊహ. ఆయన షాపు, గోడౌన్లు మా వాళ్ళు నిన్ననే చూశారు. ఏమీ లేదు. పెద్దమనిషి, పన్నులు కట్టే మనిషి. సాక్ష్యం లేకుండా చెయ్యివేస్తే నా ఉద్యోగం పోతుంది. పోతే నీకు సంతోషమే అనుకో."

"సంతోషమే. కానీ ముందు మనిషి బతకాలి. నీళ్ళు లేకుండా మూడో రోజు."

లేచి టోపీ పెట్టుకున్నాడు. నేను ముందు కనిపెట్టానన్న ఉక్రోషం ఆ మొహంలో దాగలేదు. "సాయంత్రం దాకా కేసు మూయను" అన్నాడు.

నా క్లయింటు అక్క ఇంట్లో ఒక్కతే ఉంది. హాల్లో ఇస్త్రీ చేస్తోంది. మనిషి చిక్కింది. ఎడమ దవడ కొంచెం వాచినట్టు ఎత్తుగా ఉంది.

"మీ మరిది ఖాతా మీద మీకు కార్డుందట" అన్నాను.

ఇస్త్రీ పెట్టె ఆగింది. బట్ట కాలుతుందేమోనని నేనే దాన్ని ఎత్తి పక్కన పెట్టాను.

"చెల్లికి తెలిసిందా?"

"తెలిసింది."

ఆమె గోడకి ఆనుకుంది. "పన్ను కోసమండీ. లోపల చీము పట్టింది. డాక్టరు ఖర్చు చెబితే మా ఆయన, ఈ నెల గీకామంటే వాడకం పెరిగినట్టు కనిపిస్తుంది, బ్యాంకు లిమిట్ పెంచదు, వచ్చే నెల చూద్దాం అన్నారు. ఆ వచ్చే నెల కూడా అదే మాట. లవంగాలు నమిలి పడుకునేదాన్ని. ఒకరోజు మరిదిగారు నా మొహం చూసి భయపడ్డారు. వారంలో కార్డు ఇప్పించారు. పన్ను తీయించుకున్నాను. అంతకుమించి ఒక్క పైసా వాడలేదు."

"మీ చెల్లెలికి ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? ఎనిమిది లక్షల మొగుణ్ణి పెట్టుకుని పన్నుకి దిక్కులేదా అని నవ్వదూ? చిన్నప్పటి నుంచీ దాని ముందు నేను తగ్గలేదండీ. మరిదిగారి చేత ఒట్టు వేయించుకున్నాను."

"ఆ కార్డు చూపించండి."

"లేదు. శనివారం నా సంచిలోంచి పోయింది."

"అది పోయాక మీ ఆయన ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. శనివారం నుంచి నాతో మాట్లాడటం లేదు." అప్పుడు ఆమెకి ఏదో తోచింది. కళ్ళు పెద్దవయ్యాయి. "మీరెందుకిలా అడుగుతున్నారు? మరిదిగారు పారిపోయారన్నారు కదా!"

"తలుపు గడియ పెట్టుకోండి" అని చెప్పి బయటికొచ్చాను. అంతకంటే ఎక్కువ చెప్పి ఉండాల్సింది. అప్పుడు తట్టలేదు.

పరుపుల షాపులో ఆయన మాకు ఎదురొచ్చి కుర్చీలు వేయించాడు. నున్నగా దువ్విన తల, మడత నలగని చొక్కా. అందరికంటే ముందు తానే నిట్టూర్చాడు.

"తమ్ముడి కబురేమైనా తెలిసిందా సార్? చిన్నవాడు. ఆశ ఎక్కువ. నేను ఎన్నోసార్లు చెప్పాను, ఒకరితో పోటీ పడకు, ఉన్నదాంట్లో తృప్తిగా ఉండు అని."

"మంచి కబురే" అన్నాను. ఇన్‌స్పెక్టరు గోడ వైపు చూస్తున్నాడు. ఇది అబద్ధమని అతనికి తెలుసు. దారిలోనే ఒప్పించాను. "గంట క్రితం నాలుగో బ్యాంకుకి స్వయంగా వచ్చాడట. మేనేజరు ఎదురుగా కూర్చుని కార్డు లిమిట్ మళ్ళీ పెంచించుకుని వెళ్ళాడు. పోలీసులు వెళ్ళేసరికి జారుకున్నాడు."

ఆయన చెయ్యి ఒక పరుపు మీద ఉంది. అయిదు వేళ్ళూ అందులోకి దిగిపోయాయి.

మూడు రోజులుగా కనిపించని తమ్ముడు. ఎలా ఉన్నాడు అనాలి. ఎటు వెళ్ళాడు అనాలి. ఒంటరిగా వచ్చాడా అనైనా అనాలి.

"ఎంతకి?" అన్నాడు.

"తొమ్మిది లక్షలు."

"తొమ్మిదా!"

"పిలిచి మరీ ఇచ్చారట. మంచి ఖాతాదారు అని."

ఆయన మొహం బూడిద రంగుకి తిరిగింది. తలనొప్పిగా ఉందని చెప్పి, కుర్రాళ్ళకి షాపు అప్పగించి, మమ్మల్ని సాగనంపకుండానే కారెక్కాడు.

"కదిలాడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు జీపు తీస్తూ. "తాళం ఊడిందో లేదో చూసుకోడానికి నేరుగా దాచినచోటికి పోతాడు. బావా, నీ బుర్రకి మాత్రం నేను..." మెచ్చుకోవడం ఇష్టం లేక వాక్యం మింగేశాడు.

రెండు మలుపులు తిరిగాక నేను సీట్లో ముందుకు వంగాను. ఆ దారి నాకు తెలుసు. మధ్యాహ్నం నేను వచ్చిన దారే.

"దాచినచోటికి కాదు. ఇంటికి పోతున్నాడు."

"ఎందుకు?"

"కట్టేసిన మనిషి బయటికొచ్చాడంటే ఎవరో విప్పి ఉండాలి కదా. ఎవరు విప్పారనుకుంటాడు? వాడి కార్డు ఎవరి సంచిలో దొరికింది?"

ఇన్‌స్పెక్టరు హారన్ మీద చెయ్యి తీయలేదు.

మేం మెట్లెక్కేసరికి తలుపు లోపలి నుంచి వేసి ఉంది. ఆయన గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. జలుబు లేదు.

"ఎందుకిచ్చావే తాళం? చెప్పు! రెండో తాళం నీ దగ్గరే కదా ఉంది!"

"ఏ తాళం? నాకేం తెలియదండీ!"

"మీ నాన్న ప్రింటింగ్ ప్రెస్సు తాళం! నాలుగేళ్ళుగా మూసి ఉన్న ప్రెస్సులోకి ఎవడొస్తాడే నువ్వు చెప్పకపోతే? చుట్టూ పరుపులు నిలబెట్టి, అరుపు బయటికి రాకుండా పడేస్తే, నువ్వు పోయి విప్పుతావా? వాడి కార్డు తీసుకోవడం చాలక వాణ్ణి తీసుకెళ్ళి బ్యాంకులో కూర్చోబెడతావా? తొమ్మిది ఇప్పిస్తావా?"

ఇన్‌స్పెక్టరు భుజంతో తలుపుని కొట్టాడు. గడియ రెండో దెబ్బకి ఊడింది. ఆయన చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. వైరు ప్లగ్గులోనే ఉంది. ఆమె బల్ల వెనక నేల మీద, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని. నేను వైరు లాగాను. ఇన్‌స్పెక్టరు ఆ చేతిని వెనక్కి విరిచాడు. పెట్టె నేల మీద పడి గచ్చు పగిలింది.

ప్రెస్సుకి మనుషులని పంపాం. కాసేపటికి ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టరు ఎత్తి విని, నా వైపు తిరిగాడు.

"ఉన్నాడు. ఊపిరుంది. స్పృహ కూడా ఉంది. ఆసుపత్రికి తీసుకెళుతున్నారు."

అక్క ఏడవలేదు. "మా చెల్లికి చెప్పండి" అంది. "నేను చేస్తే ఎత్తదు."

నేను చేశాను. భర్త దొరికాడని, అక్కకి కార్డు ఇప్పించింది పంటి వైద్యానికని, గొంతు తన బావదని వరసగా చెప్పాను.

"కళ్ళు తెరవగానే ఎవరి పేరు చెప్పారండీ?" అంది.

"నీళ్ళడిగాడు" అని పెట్టేశాను.

బేడీలు వేసి గుమ్మం దగ్గరికి తెచ్చాక ఆయన నా ముందు ఆగాడు. చొక్కా మడత ఇప్పుడు నలిగింది. భార్య వైపు చూడలేదు.

"అయితే వాడు బ్యాంకుకి రాలేదు" అన్నాడు.

"రాలేదు."

"తొమ్మిది ఇవ్వలేదు."

"ఇవ్వలేదు. నేను కల్పించాను."

ఆయన ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. నుదుటి మీది గీతలు ఒక్కొక్కటే విడిపోయాయి. జైలుకి పోతున్న మనిషి మొహంలో అంత నెమ్మది నేనెన్నడూ చూడలేదు. దాదాపు నవ్వాడు.

"వదిలెయ్, బావా" అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా. నా మొహం అతనికి అలవాటే.

నేను వదిలే రకం కాదు.

"ఇంకా అడగలేదు కాబట్టి ఇవ్వలేదు" అన్నాను. "లేచి తిరిగిన రోజున అడుగుతాడు. పక్కన కూర్చుని నేనే అడిగిస్తాను. ఎంతిచ్చారో జైలుకొచ్చి మీకు చెబుతాను."

ఆ నెమ్మది పూర్తిగా పోయేదాకా నిలబడి చూసి, మెట్లు దిగాను.